పాలు చాలడం లేదా, నోటి పట్టు కుదరడం లేదా?

ప్రశ్న: నా వయసు 26. తొలి కాన్పు, సిజేరియన్ అయింది. బాబు పుట్టి ఎనిమిది రోజులు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, నిన్న తూచితే 2.7 ఉన్నాడు. రొమ్ము పట్టిస్తే ఐదు నిమిషాలకే నిద్రపోతాడు, పడుకోబెట్టగానే ఏడుస్తాడు. చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. బాబును దగ్గరకు తీసుకోవాలంటేనే భయమేస్తోంది. 'నీకు పాలు పడలేదు' అని మా అత్తగారు నాలుగు రోజులుగా సీసాతో డబ్బాపాలు పడుతున్నారు. నాకు నిజంగానే పాలు లేవా? – ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, అన్నిటికన్నా ముందు బాబును రేపటిలోగా పిల్లల డాక్టరుకు చూపించండి. పుట్టిన మొదటి మూడు నాలుగు రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. ఆ తర్వాత పెరగడం మొదలై, దాదాపు రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి. ఎనిమిదో రోజున 200 గ్రాములు తక్కువ ఉన్నాడంటే బెంబేలెత్తాల్సిన పని లేదు గానీ, 'చూద్దాంలే' అని ఊరుకోవడమూ మంచిది కాదు.

ఇక మీ ప్రశ్న. పగిలిన చనుమొనలు, ఐదు నిమిషాలకే నిద్ర, పడుకోబెట్టగానే ఏడుపు... ఈ మూడూ కలిసి కనిపిస్తే నాకు మొదట అనుమానం వచ్చేది బిడ్డ నోటి పట్టు మీద. బాబు చనుమొనను మాత్రమే చప్పరిస్తున్నట్టున్నాడు. అలా చేస్తే పాలు సరిగా రావు, మీకు పుండు పడుతుంది. వాడు అలసిపోయి నిద్రపోతాడు, కడుపు నిండక మళ్ళీ లేస్తాడు.

సిజేరియన్ తర్వాత పాలు పడటం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అంతమాత్రాన పాలు లేనట్టు కాదు. పాడి ఉన్న ఇళ్ళలో పెరిగినవారికి తెలుసు, దూడ మూతి తగిలితేనే ఆవు చేపుతుంది. తల్లి ఒంట్లోనూ జరిగేది అదే. బిడ్డ చప్పరింపుకు ప్రొలాక్టిన్, ఆక్సిటోసిన్ అనే రెండు హార్మోన్లు విడుదలవుతాయి. మొదటిది పాలను తయారు చేయిస్తుంది, రెండోది వాటిని బయటికి నెడుతుంది. నొప్పి, భయం, దిగులు ఈ రెండోదాన్ని అడ్డుకుంటాయి. రొమ్ములో పాలు ఖాళీ కాకుండా ఉండిపోతే తయారీ కూడా తగ్గుతుంది. డబ్బాపాలతో కడుపు నిండిన బిడ్డ రొమ్ము తక్కువగా తాగుతాడు, దాంతో పాలు ఇంకా తగ్గుతాయి. అప్పుడు 'పాలు పడలేదు' అన్న మాటే నిజమైపోతుంది.

పట్టు ఎలా కుదరాలో చెబుతాను. నా దగ్గరకు వచ్చే తొలి చూలు తల్లుల్లో చాలామంది భుజాలు వంచి, రొమ్మును బిడ్డ నోటికి అందించాలని చూస్తారు. మీరు వీపు వెనక దిండు పెట్టుకుని నిటారుగా కూర్చుని, బాబునే రొమ్ము దగ్గరకు తెచ్చుకోండి. కుట్ల మీద బరువు పడకుండా బాబును మీ చంక కింద, కాళ్ళు మీ వీపు వైపు ఉండేలా పట్టుకోవచ్చు. లేదా పక్కకు తిరిగి పడుకుని పట్టించవచ్చు. వాడి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండాలి, పొట్ట మీ ఒంటికి ఆనుకోవాలి. చనుమొనతో పై పెదవిని మెల్లగా తాకిస్తే కాసేపటికి ఆవలించినంత పెద్దగా నోరు తెరుస్తాడు. ఆ క్షణంలోనే దగ్గరకు తీసుకోవాలి. చనుమొన చుట్టూ ఉండే నల్లని భాగం, ముఖ్యంగా కింది వైపుది, చాలావరకు నోట్లోకి వెళ్ళాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. పట్టు కుదిరితే నెమ్మదిగా, లోతుగా లాగుతూ మధ్యమధ్య గుటక వేయడం వినిపిస్తుంది. మొదటి కొన్ని క్షణాలు దాటాక కూడా నొప్పి తగ్గకపోతే, చిటికెన వేలు నోటి మూల నుంచి లోపలికి పోనిచ్చి పట్టు విడిపించి, మళ్ళీ మొదలుపెట్టండి. ఐదుసార్లు విడిపించాల్సి వచ్చినా ఫరవాలేదు.

మధ్యలో నిద్రపోతే పొత్తిగుడ్డ విప్పి అరికాళ్ళు రుద్దండి. ఏడ్చేదాకా ఆగకండి. నోట్లో చేయి పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పడమే ఆకలికి గుర్తు. రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రుళ్ళు కూడా పట్టించాలి.

డబ్బాపాలు ఒక్కసారిగా మానేయకండి, బాబు బరువు తక్కువగా ఉంది. ముందు రొమ్ము పట్టించండి. తర్వాత చేత్తో పిండిన మీ పాలు ఉగ్గుగిన్నెతో పట్టండి. అవీ చాలకపోతేనే డాక్టరు చెప్పిన కొలతకు డబ్బాపాలు, అదీ ఉగ్గుగిన్నెతోనే. సీసా పక్కన పెట్టేయండి. నీళ్ళు ఎక్కువ కలిపి పలుచన చేయడం ప్రమాదం. బరువు పెరిగేకొద్దీ డాక్టరు చెప్పినట్టు డబ్బాపాలు తగ్గించుకుంటూ రావచ్చు. తేనె, పంచదార నీళ్ళు, గ్రైప్ వాటర్ ఎవరు ఇవ్వమన్నా ఇవ్వకండి.

పగుళ్ళకు మీ పాలే రెండు చుక్కలు రాసి ఆరనివ్వండి, సబ్బు వాడకండి. బాలింత పథ్యం పేరిట నీళ్ళు తాగనివ్వకపోతే ఒప్పుకోకండి. దాహం వేసినంత తాగాలి, కడుపునిండా తినాలి.

మీ అత్తగారిని నేను తప్పుపట్టను. మనవడు ఏడుస్తుంటే ఆవిడ మనసు ఊరుకోలేదు. ఈ జవాబు ఆవిడకు చదివి వినిపించండి. పాలు తాగాక బాబును భుజాన వేసుకుని త్రేన్పించే పని ఆవిడకే అప్పగించండి, మీకు అరగంట నిద్ర దొరుకుతుంది.

రేపటి దాకా కూడా ఆగకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. 24 గంటల్లో ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం పోయడం, ఇంకా నల్లటి విరేచనమే అవుతుండటం, లేపినా లేవకపోవడం, తాగడం మానేయడం, ఒళ్ళు కాలడం లేదా చల్లబడటం, ఆయాసం, పచ్చదనం అరచేతులకూ అరికాళ్ళకూ పాకడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీకు చలిజ్వరం వచ్చి రొమ్ము ఎర్రబడి గట్టిపడితే మీరూ డాక్టరుకు చూపించుకోవాలి. ఆ రొమ్ము నుంచి పాలు పట్టించడం మాత్రం ఆపకండి. రోజంతా ఏడుపు వస్తూ, బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోతే ఆ సంగతీ దాచుకోకుండా చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

రేపు బాబుకు పాలు పట్టే వేళకు ఆసుపత్రిలో ఉండేలా బయలుదేరండి. డాక్టరు ఎదుటో, నర్సు ఎదుటో రొమ్ము పట్టించి, పట్టు సరిచేయమని అడగండి. నాలుక కింద పొర బిగుతుగా ఉందేమో కూడా చూడమనండి.