అల్లా పుగచోవా నిజంగా అంత గొప్ప గాయనా? రష్యాలో చదువుకున్నవాడిగా నా జవాబు

రష్యన్ పాటలు ఎవరితో మొదలుపెట్టాలి, అందరూ చెప్పే అల్లా పుగచోవా నిజంగా అంత గొప్పదా అని అడిగారు. గొప్పదే. అయితే ఆవిడ గొప్పతనం గొంతులో కన్నా పాటను నటించి చూపడంలో ఎక్కువగా ఉంది. ఆవిడకంటే పెద్ద గొంతు ఉన్నవాళ్లు సోవియట్ వేదికల మీద చాలామందే ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది మైకు ముందు నిటారుగా నిలబడి, దేశం తరఫున పాడుతున్నట్టు పాడేవారు. పుగచోవా తన తరఫున పాడింది. కోపం, అలసట, మొండితనం, ఒంటరి ఆడదాని దిగులు, అన్నీ వేదిక ఎక్కించింది.

నేను మాస్కో దగ్గరి త్వేర్ అనే ఊళ్లో మెడిసిన్ చదివాను. క్లాసులో నేర్చుకున్న రష్యన్ వార్డులో రోగులతో మాట్లాడటానికి చాలేది కాదు. హాస్టల్ గుమ్మం దగ్గర డ్యూటీలో కూర్చునే పెద్దావిడతో కబుర్లు చెప్పడం వల్లే నాకు మాట వచ్చింది. ఆవిడ దగ్గర రేడియో ఎప్పుడూ మోగుతూ ఉండేది. పుగచోవా పాట వస్తే ఎవరీవిడ అని అడిగేవాణ్ని. ఆవిడ గాయని గురించి చెప్పేది కాదు. తన పెళ్లి ఎలా చెడిందో, ఫ్యాక్టరీకి వెళ్తూ కూతుర్ని ఒంటరిగా ఎలా పెంచిందో చెప్పేది. తర్వాత వార్డులో పెద్ద వయసు ఆడవాళ్లను అడిగినా అంతే, జవాబులో వాళ్ల సొంత కథే వచ్చేది. పుగచోవా స్థానం ఏమిటో నాకు అర్థమైంది అలాగే.

ఆమె 1949 ఏప్రిల్ 15న మాస్కోలో పుట్టింది. 1965లో, స్కూలు వయసులోనే, రేడియో కోసం తొలి పాట రికార్డు చేసింది. పేరు రావడానికి మాత్రం ఇంకో పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో సంగీత విద్యాలయంలో బృందగానం నడిపే విద్య చదివింది, సైబీరియాలోని త్యుమెన్ ప్రాంతపు చమురు కార్మికుల దగ్గరికి వెళ్లి పాడింది, సర్కస్ స్కూల్లో పియానో వాయించింది. తొలి భర్త లిథువేనియాకు చెందిన సర్కస్ కళాకారుడు. వాళ్ల కూతురు క్రిస్తినా ఒర్బకైతే కూడా తర్వాత పేరున్న గాయని అయింది.

ఈ సర్కస్ పరిచయం ఊరికే పోలేదు. 1975లో బల్గేరియాలో, నల్ల సముద్రం ఒడ్డున జరిగే గోల్డెన్ ఆర్ఫియస్ పోటీలో ఆమె పాడిన 'అర్లెకీనో' ఒక విదూషకుడి గోడు. జనాన్ని నవ్వించడమే అతని పని, అతని బాధ ఎవరికీ పట్టదు. పాట మూలం బల్గేరియన్ గాయకుడు ఎమిల్ దిమిత్రోవ్‌ది. దానికి రష్యన్ మాటలు రాయించి, సంగీతకారుడు పావెల్ స్లోబోద్కిన్ వాద్యాలను కొత్తగా కూర్చాడు. పుగచోవా తోలుబొమ్మలా చేతులు విదిలిస్తూ, పాట మధ్యలో పగలబడి నవ్వుతుంది. ఆ నవ్వు ఏ క్షణాన ఏడుపుగా మారుతుందో అని చూసేవాళ్లకు గుబులు పుడుతుంది. అత్యున్నత బహుమతి ఆమెకే వచ్చింది. ఆ తర్వాత సోవియట్ యూనియన్‌లో ఆమె పేరు తెలియని ఇల్లు లేదు.

అదే సమయంలో ఆమె ఇంకో పని చేసింది. రష్యాలో ప్రతి కొత్త సంవత్సరానికీ టీవీలో వేసే 'విధి వైచిత్రి' అనే సినిమా ఒకటుంది, తొలి ప్రసారం 1976 జనవరి 1న. అందులో నాయిక ముఖం పోలండ్ నటి బార్బరా బ్రిల్‌స్కాది, మాట వలెంతీనా తలీజినాది, పాట పుగచోవాది. డబ్బింగ్, ప్లేబ్యాక్ అలవాటైన మనకు ఇది వింత కాదు. నాకు వింతగా అనిపించింది ఆ గొంతు. సంగీత దర్శకుడు మికాయేల్ తారివెర్దియేవ్ ఇచ్చిన బాణీల్లో, మరీనా త్స్వెతాయెవా లాంటి కవుల పద్యాలను గిటారు పక్కన గుసగుసగా పాడింది. 'అర్లెకీనో' పాడిన మనిషే ఈమె అని నాకు చాలాసేపు నమ్మకం కుదరలేదు. హాస్టల్లో కమలాపండ్లు, ఒలివియే అనే బంగాళాదుంపల సలాడ్ ముందు పెట్టుకుని ఆ సినిమా చూసిన రాత్రి రష్యన్ స్నేహితులంతా ఆ పాటలతో గొంతు కలిపారు.

సొంతంగా బాణీలు కట్టే అలవాటు కూడా ఆమెకు ఉంది. 1978 నాటి 'పాడే స్త్రీ' సినిమాలో తన బాణీలను బోరిస్ గొర్బొనోస్ అనే లేని కుర్రాడి పేరుతో చలామణి చేసింది. పాపం, మంచాన పడ్డ సంగీతకారుడని కథ కూడా అల్లింది. నిజం తెలిసి ఆ సినిమా సంగీత దర్శకుడు అలెగ్జాండర్ జాత్సేపిన్ బాగా నొచ్చుకున్నాడు. సినిమాను మాత్రం సుమారు 5.5 కోట్ల మంది చూశారు.

మీరు ఇప్పటికే విని ఉండగల పాట 'లక్షల గులాబీలు'. లాత్వియా స్వరకర్త రైమండ్స్ పౌల్స్ బాణీ అది. మొదట లాత్వియన్ భాషలో, మార అనే దేవత పిల్లకు ప్రాణం ఇచ్చి అదృష్టం ఇవ్వడం మరిచిపోయిందనే పాటగా వచ్చింది. ఆ బాణీకే కవి ఆంద్రేయ్ వొజ్నెసెన్‌స్కీ రష్యన్‌లో జార్జియా చిత్రకారుడు పిరొస్మానీ ప్రేమకథ రాశాడు. నటి మీద ప్రేమతో ఉన్నదంతా అమ్మి ఆమె కిటికీ ముందు పూలు పరిచాడన్న కథ. 1983 కొత్త సంవత్సరపు టీవీ కార్యక్రమంలో పుగచోవా దీన్ని సర్కస్ పైకప్పు కింద ట్రపీజు మీద ఊగుతూ పాడింది.

1986లో చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత శుభ్రపరిచే పనిలో ఉన్న కార్మికుల కోసం జెల్యోనీ మీస్ శిబిరానికి వెళ్లి పాడిందని కూడా చెప్పాలి. పెళ్లిళ్ల గురించి, గొడవల గురించి పత్రికలు రాసినదంతా ఇక్కడ చెప్పను. వాటికంటే ఈ ఒక్క ప్రయాణం నాకు ముఖ్యం.

1991 డిసెంబరులో, దేశం విడిపోవడానికి కొద్ది రోజుల ముందు, ఆమెకు 'సోవియట్ ప్రజా కళాకారిణి' బిరుదు వచ్చింది. ఆ బిరుదు అందుకున్న చివరివాళ్లలో ఆమె ఒకరు. 2022 సెప్టెంబరులో ఆమె భర్త, హాస్యనటుడు మక్సీమ్ గాల్కిన్‌ను ప్రభుత్వం 'విదేశీ ఏజెంటు'ల జాబితాలో, అంటే బయటి దేశాల ప్రభావంలో ఉన్నారని ముద్ర వేసే జాబితాలో, చేర్చినప్పుడు, నన్నూ అదే జాబితాలో రాయండి అని బహిరంగంగా అడిగింది. ఉక్రెయిన్ యుద్ధంలో మన కుర్రాళ్లు భ్రమల కోసం చావడం ఆగాలని కోరింది. అప్పటికి ఆమెకు 73 ఏళ్లు. ఊరుకుని ఉంటే జీవితాంతం హారతులు పట్టేవాళ్లు. నా రష్యన్ స్నేహితుల్లో దీన్ని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, దేశం వదిలి పోయిందని తిట్టినవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆమె మీద గౌరవం పెరిగింది.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, ముందు 'అర్లెకీనో' వీడియో చూడండి, ఆడియో ఒక్కటే వద్దు. తర్వాత 'విధి వైచిత్రి'లోని త్స్వెతాయెవా పాట, ఆ తర్వాత పౌల్స్ బాణీలు. 1997 యూరోవిజన్ అనే యూరప్ దేశాల పాటల పోటీతో మాత్రం మొదలుపెట్టకండి. అక్కడ పాడిన 'ప్రిమదొన్నా' ఆమె వేరే గాయకుడి కోసం రాసింది. అతను ఆరోగ్యం బాగోక తప్పుకోవడంతో తానే డబ్లిన్ వెళ్లి పాడింది, 15వ స్థానం వచ్చింది.