నీళ్లు పోయి నేల మిగిలిన దీవి: స్ఖోక్లాండ్ వెళ్లేవారి ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటోంది. మే మొదటి వారంలో మేమిద్దరం వెళ్తున్నాం. స్ఖోక్లాండ్ యునెస్కో జాబితాలో ఉందని విన్నాం. ఫొటోల్లో చూస్తే పొలాల మధ్య ఒక చర్చి, నాలుగు ఇళ్లే ఉన్నాయి. అంత దూరం వెళ్లడం దండగ కాదు కదా? – పాఠకురాలు, గుంటూరు

జవాబు: దండగ కాదమ్మా. కాకపోతే మ్యూజియం చూసి అరగంటలో వెనక్కి తిరిగితే మాత్రం నిజంగానే దండగ. అక్కడ చూడాల్సింది భవనాలను కాదు, దీవి అంచును.

స్ఖోక్లాండ్ ఒకప్పుడు జౌడర్‌జే అనే సముద్రపు పాయలో సన్నటి దీవి. పొడవు సుమారు 4 కిలోమీటర్లు. తుపాను వచ్చినప్పుడల్లా ఒడ్డు కోసుకుపోయేది. 1825 ఫిబ్రవరి ఉప్పెన పెద్ద దెబ్బ కొట్టింది. ఇప్పుడు మీరు ఫొటోలో చూసిన చర్చి ఆ తర్వాత 1834లో కట్టిందే. కాపాడే ఖర్చు భరించలేక 1859లో రాజు మూడో విల్లెమ్ ప్రభుత్వం దీవిని ఖాళీ చేయించింది. ఉన్నది దాదాపు 650 మంది. చాలామంది కాంపెన్, ఫోలెన్‌డామ్ వంటి ఊళ్లకు చేరుకున్నారు. 1932లో పెద్ద కట్ట పూర్తయి సముద్రం సరస్సయింది. 1942లో చుట్టూ నీళ్లు తోడేసి ఆ అడుగునంతా సాగుభూమి చేశారు. దీవి అలాగే ఉంది, నీళ్లే లేవు. 1995లో నెదర్లాండ్స్ నుంచి యునెస్కో జాబితాకెక్కిన మొదటి చోటు ఇదే.

మిడెల్‌బ్యూర్ట్ అనే ఆ చిన్న పల్లె ఒక మట్టిదిబ్బ మీద ఉంటుంది. చర్చికి వీపు పెట్టి, దిబ్బ చుట్టూ నిలువుగా పాతిన దుంగల గోడ దగ్గరికి వెళ్లండి. అలలను ఆపడానికి కట్టిన గోడ అది. దాని మీదుగా కిందికి చూస్తే మీ పాదాలకన్నా బాగా దిగువన బంగాళాదుంప, ఉల్లి చాళ్లు కనిపిస్తాయి. అంటే మీరు చూస్తున్నది సముద్రపు అడుగు. అక్కడ ఒక్క ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి.

తర్వాత దక్షిణం కొసకు నడిస్తే గడ్డిలో పాత చర్చి పునాదులుంటాయి. ఉత్తరం కొసన ఎమెలోర్డ్ రేవు, దీపస్తంభం, పొగమంచులో ఓడలకు బూర మోగించిన గది ఉన్నాయి. రేవులో నీటి చుక్క ఉండదు. మొత్తం చుట్టు 10 కిలోమీటర్ల పైమాటే. మోకాళ్ల నొప్పులుంటే దక్షిణం కొస వరకు నడిచి, ఉత్తరం కొసకు కారులో వెళ్లండి. వాన పడితే గడ్డిదారి బురదవుతుంది, చెప్పులు వద్దు. మ్యూజియం సాధారణంగా సోమవారం మూసి ఉంటుంది. బయలుదేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

మేలో దారిలో తులిప్ చేలు కనిపిస్తాయి గానీ ఆశ పెట్టుకోకండి. దుంప బలపడడం కోసం రైతులు పూల తలలు యంత్రంతో కోసేస్తారు. నిన్న ఎర్రగా ఉన్న చేను ఇవాళ పచ్చగా ఉంటుంది. చేలోకి మాత్రం దిగకండి, చెప్పులకంటిన మట్టితో తెగుళ్లు ఒక చేను నుంచి ఇంకో చేనుకు పాకుతాయి.

ప్రశ్న: కారు లేకుండా వెళ్లొచ్చా? – పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వెళ్లొచ్చు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి జ్వోలెకు ఇంటర్‌సిటీలో గంటా పావు లోపే. అక్కడి నుంచి కాంపెన్‌కు చిన్న రైలు, 10 నిమిషాలు. చాలామంది పొరపడేది జ్వోలెలోనే. చిన్న రైలు నడిపేది వేరే కంపెనీ. కాబట్టి ఇంటర్‌సిటీ దిగగానే కార్డు తాకించి చెక్ అవుట్ చేసి, రెండో కంపెనీ స్తంభం దగ్గర మళ్లీ చెక్ ఇన్ చేయాలి. వచ్చేటప్పుడూ అంతే. మరిచిపోతే రైలుకు 20 యూరోల దాకా కోత పడుతుంది. వీసా, మాస్టర్‌కార్డ్ కాంటాక్ట్‌లెస్ కార్డులు పనిచేస్తాయి. ఒక మనిషికి ఒక కార్డు, మొదలుపెట్టిన కార్డుతోనే ముగించాలి.

'కాంపెన్ జౌడ్' అనే స్టేషన్ కూడా ఉంది. అది పాత ఊరికి దూరం, అక్కడ దిగకండి. కాంపెన్ స్టేషన్ ముందు వంతెన దాటితే ఐస్సెల్ నది ఒడ్డునే జంట బురుజుల పాత కోటద్వారం కోర్న్‌మార్క్ట్స్‌పోర్ట్ కనిపిస్తుంది. ఇంకో రెండు ద్వారాలు ఊరికి అవతలి వైపున్నాయి. మధ్యయుగంలో ఉత్తర ఐరోపా వర్తక నగరాల కూటమి హాన్సాలో ఇదొక పెద్ద రేవు. రెండు గంటలు కేటాయించండి.

కాంపెన్ నుంచి స్ఖోక్లాండ్ సుమారు 15 కిలోమీటర్లు. బస్సులో ఎన్స్ అనే ఊరి దాకా వెళ్లి మిగతాది నడవొచ్చు. సైకిల్ అద్దెకు తీసుకుంటే ఇంకా మేలు. అక్కడి అద్దె సైకిళ్లలో చాలావాటికి చేతి బ్రేకు ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే ఆగుతుంది. ఖాళీ వీధిలో నాలుగుసార్లు ఆపి చూసుకుని బయలుదేరండి. సైకిల్ దారుల కూడళ్లలో అంకెల బోర్డులుంటాయి, మీ దారిలో వరసగా వచ్చే అంకెలు కాగితం మీద రాసుకుంటే చాలు. ఎదురుగాలి మాత్రం మొండిది, అడ్డుకునే చెట్టు కూడా ఉండదు. తిరిగి వచ్చేటప్పుడు గాలి వీపున ఉండేలా రోజు చూసుకోండి.

ప్రశ్న: ఆదివారం ఉర్క్ కూడా కలుపుకోవచ్చా? – పాఠకురాలు, ఐండ్‌హోవెన్

జవాబు: ఆదివారం వద్దు. ఉర్క్ కూడా ఒకప్పటి దీవే, 1939లో కట్టతో నేలకు కలిసింది. భక్తి గట్టిగా ఉన్న ఊరు, ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. శనివారం వెళ్లి సన్నటి సందుల్లో తిరగండి, వేయించిన చేపముక్కలు కిబెలింగ్ తినండి. సముద్రంలో పోయిన జాలరుల పేర్లు చెక్కిన స్మారకం దగ్గర గొంతు తగ్గించండి. ఆ ఇంటిపేర్లవాళ్లు ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉన్నారు.

ప్రశ్న: డచ్చివారు మా బందరు వచ్చారు కదా. ఆ జాడ ఆ చుట్టుపక్కల ఏమైనా ఉందా? – పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: స్ఖోక్లాండ్‌లో లేదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు హోర్న్, ఎంఖౌజెన్, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బయలుదేరేవి. జౌడర్‌జే లోతు చాలక, తక్కువ బరువుతో వెళ్లి టెక్సెల్ దీవి దగ్గర సరుకు నింపుకునేవి. అలాంటి ఓడ ఎలా ఉండేదో చూడాలంటే లేలిస్టాడ్‌లో 1628 నాటి బటావియా ఓడకు నమూనాగా కట్టిన పూర్తి పరిమాణపు ఓడ ఉంది. అసలైన జాడ మాత్రం హిండెలోపెన్ మ్యూజియంలో ఉంది. ఆ ఊరి ఆడవాళ్ల పొడుగు కోటు 'వెంట్కె'ను కోరమాండల్ తీరపు చింట్జ్ (పూలు అద్దిన నూలు) బట్టతో కుట్టేవారు. మన వైపు చిరివేరుతో ఎరుపు పట్టించిన బట్ట అలాంటిదే. అద్దాల పెట్టె దగ్గరగా వెళ్లి పూల అంచులు చూడండి.