డివైస్ మ్యాపింగులు మార్చబోతున్న అమ్మాయికి

చిరంజీవి తల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

64-బిట్ ఆర్మ్ ప్రాసెసర్ మీద లినక్స్ కెర్నల్‌లో డివైస్ మ్యాపింగులు, అంటే పరికరాల రిజిస్టర్లను వర్చువల్ చిరునామాలకు కలిపే లంకెలు, మార్చే పని నీ చేతికొచ్చిందని నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. ఇక్కడ తప్పు జరిగిన వెంటనే కెర్నల్ పడిపోతే అదృష్టమే. చాలాసార్లు పడిపోదు, సంబంధం లేని చోటెక్కడో డేటా పాడవుతుంది.

రిజిస్టర్లను ఐఓరీమ్యాప్ ఫంక్షన్‌తోనే మ్యాప్ చెయ్యి. చదవడానికి రీడ్ఎల్, రాయడానికి రైట్ఎల్ వాడు, పాయింటర్‌ను నేరుగా ముట్టుకోకు. ఇవి నీకు తెలిసినవే.

అసలు సంగతి ఇది. వాడుకలో ఉన్న పేజీ టేబుల్ (వర్చువల్ చిరునామా ఏ భౌతిక చిరునామాకు పోతుందో చెప్పే పట్టిక) ఎంట్రీలో చిరునామా గానీ, మెమరీ టైపు గానీ, బ్లాక్ సైజు గానీ మార్చాలంటే పాతదాని మీద కొత్తది నేరుగా రాయకూడదు. "ఒక్క 64-బిట్ స్టోరే కదా, అటామిక్‌గా పడుతుంది" అని చెయ్యితిరిగినవాళ్లూ అంటారు. నమ్మకు. స్టోర్ అటామిక్కే, కానీ పాత చిరునామా అనువాదం ప్రతి కోర్ టీఎల్‌బీలోనూ, అంటే అనువాదాలను దాచుకునే క్యాష్‌లోనూ, ఇంకా ఉండొచ్చు. 2 ఎంబీ బ్లాకును 512 చిన్న పేజీలుగా విడగొట్టావనుకో, ఒకే చిరునామాకు పాతదీ కొత్తదీ రెండూ టీఎల్‌బీలో చేరతాయి. అప్పుడు కాన్‌ఫ్లిక్ట్ అబార్ట్ అనే ఫాల్ట్ రావచ్చు, లేదా రెండూ కలగలిసిన అనువాదం రావచ్చు. ఆ రెండోదంటేనే నాకు భయం.

అందుకని ముందు ఎంట్రీని సున్నా చెయ్యి. ఆపైన, ముందటి పనులు పూర్తయ్యేదాకా ఆపే ఇన్‌స్ట్రక్షన్ డీఎస్‌బీ. తర్వాత టీఎల్‌బీలోని పాత అనువాదాన్ని తీసేసే టీఎల్‌బీఐ, అదీ అన్ని కోర్లకూ చేరే ఇన్నర్ షేరబుల్ రకం. మళ్లీ డీఎస్‌బీ. ఆ తర్వాతే కొత్త ఎంట్రీ, డీఎస్‌బీ, ఆపైన ఇన్‌స్ట్రక్షన్లను కొత్తగా తెచ్చుకునేలా చేసే ఐఎస్‌బీ. రెండో డీఎస్‌బీని ఎవరైనా అనవసరమని తీసేయమంటే ఒప్పుకోకు. టీఎల్‌బీఐ అన్ని కోర్లలోనూ పూర్తయిందని తెలిసేది దానితోనే.

సున్నాకూ కొత్త ఎంట్రీకీ మధ్య ఆ చిరునామాను ఎవరు ముట్టుకున్నా ఫాల్టే. ముందే ఆ పరికరం ఇంటరప్టును ఆపే డిసేబుల్‌ఐఆర్‌క్యూ పిలువు, నడుస్తున్న ఇంటరప్ట్ హ్యాండ్లర్ ముగిసేదాకా అది ఆగుతుంది. హ్యాండ్లర్ లోపలి నుంచే పిలిస్తే మాత్రం డెడ్‌లాక్, తన కోసం తానే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆ సందులో కెర్నల్ సందేశాలు అచ్చువేసే ప్రింట్‌కే అసలే వద్దు. మారుస్తున్నవి కన్సోల్ యూఆర్ట్ (ఆ సందేశాలు పంపే సీరియల్ పోర్టు) రిజిస్టర్లే అయితే ఆ లైను అచ్చు వేయబోయి కెర్నల్ అక్కడే పడుతుంది, కారణం చెప్పే దారి కూడా ఉండదు.

వీలైతే ఈ గొడవంతా తప్పించుకో తల్లీ. అదే మెమరీ టైపుతో కొత్త వర్చువల్ చిరునామాలో ఇంకో మ్యాపింగ్ తీసుకో, డ్రైవర్ పాయింటర్ మార్చు, పాతది వాడుతున్నవాళ్లంతా బయటికొచ్చాక దాన్ని ఐఓఅన్‌మ్యాప్‌తో తీసెయ్యి. అన్‌మ్యాప్ తర్వాత కూడా పాత పాయింటర్ పనిచేస్తోందని టెస్టులో మురిసిపోకు. అక్కడ ఎంట్రీలు వెంటనే పోతాయి, టీఎల్‌బీ ఫ్లష్ (అందులోని పాతవి తుడిచెయ్యడం) మాత్రం తర్వాతెప్పుడో జరుగుతుంది. ఆ రిజిస్టర్లను యూజర్ ప్రాసెస్‌కు ఎంమ్యాప్‌తో ఇచ్చి ఉంటే దాన్నీ అన్‌మ్యాప్‌మ్యాపింగ్‌రేంజ్‌తో తీసెయ్యాలి, ఐఓఅన్‌మ్యాప్ దాని జోలికి పోదు.

అర్ధరాత్రి నిద్రకళ్లతో ఈ కోడ్ మార్చకు. ప్యాచ్ పంపేముందు నాకోసారి చూపించు.

మీ పెదనాన్న