2డి కాలం అయిపోయిందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. వీడియో గేమ్స్ తయారు చేస్తానంటోంది. ఒక శిక్షణ సంస్థలో కనుక్కుంటే, ‘2డి కాలం అయిపోయింది, మా 3డి కోర్సులో చేర్పించండి’ అని 2 లక్షల ఫీజు చెప్పారు. అసలు ఈ 2డి, 3డి అంటే ఏమిటి? ఆ కోర్సు తనకు అవసరమా?

జవాబు: అమ్మా, ఇప్పుడే డబ్బు కట్టకండి. 2డి కాలం అయిపోలేదు. డి అంటే డైమెన్షన్, అంటే కొలత. పొడవు, వెడల్పు రెండే ఉంటే 2డి, వాటికి ఎత్తు కూడా చేరితే 3డి. తెర మీద కనిపించే బొమ్మ 2డినా 3డినా అన్నది ఒక సంగతి, గేమ్ లోపల లెక్కలు ఎన్ని కొలతల్లో నడుస్తున్నాయన్నది ఇంకో సంగతి. మీకు చెప్పినవాళ్లు రెండింటినీ కలిపేశారు.

క్యారమ్స్ గేమ్‌నే తీసుకోండి. బోర్డు మీద కాయిన్ ఎక్కడుందో చెప్పడానికి రెండు సంఖ్యలు చాలు: ఎడమ అంచు నుంచి ఎంత దూరం, కింది అంచు నుంచి ఎంత దూరం. ఎంత తిరిగిందో చెప్పడానికి మరొకటి. చెక్క మీది గీతలు, కాయిన్ నీడ, పౌడర్ మెరుపు అన్నీ 3డిలో ఎంత అందంగా చూపించినా, కాయిన్ గాల్లోకి లేవనంత వరకు ఫిజిక్స్, అంటే కదలికల, ఢీకొనడాల లెక్క, 2డిలో నడిస్తే సరిపోతుంది. క్రికెట్ బంతికి అలా కుదరదు. అది ఎక్కడుందో చెప్పడానికి మూడు, ఎటు తిరిగి ఉందో చెప్పడానికి మూడు, మొత్తం ఆరు సంఖ్యలు కావాలి.

1993లో వచ్చిన డూమ్ అనే తుపాకీల గేమ్‌ను చాలామంది 3డి అనుకుంటారు. దాని మ్యాప్ నిజానికి ఇంటి ప్లాన్ లాంటి 2డి గీతల బొమ్మ. ఒక్కో భాగానికి నేల ఎత్తు, పైకప్పు ఎత్తు రాసుకుంటారు. అందుకే అందులో ఒక గది మీద ఇంకో గది కట్టడం కుదరదు. గుట్ట కింద రాక్షసుడు నిలబడి ఉంటే, పైనుంచి వెళ్తున్న మీకు కూడా అడ్డు తగులుతాడు. ఢీకొనే లెక్కలో వాడి ఎత్తును చూడరు మరి. 2009లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్ నడిచింది బాక్స్2డి అనే ఫిజిక్స్ ఇంజిన్ మీద, అంటే ఈ కదలికల లెక్కలు చేసిపెట్టే 2డి సాఫ్ట్‌వేర్ మీద. ఇవాళ్టి యూనిటీ అనే గేమ్ ఇంజిన్‌లో (గేమ్స్ తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో) కూడా 2డి ఫిజిక్స్, 3డి ఫిజిక్స్ విడివిడిగానే ఉన్నాయి.

మరి 3డి లోకం చదునుగా ఉన్న తెర మీదికి ఎలా వస్తుంది? ఒకే ఎత్తున్న రెండు కరెంటు స్తంభాలు, 6 మీటర్లవి అనుకోండి. ఒకటి కెమెరాకు 10 మీటర్ల దూరంలో, ఇంకోటి 20 మీటర్ల దూరంలో ఉన్నాయి. ఎత్తును దూరంతో భాగించండి: 0.6, 0.3. దూరపు స్తంభం తెర మీద దగ్గరి దానిలో సగం ఎత్తే కనిపిస్తుంది. భాగహారం తెలిస్తే చాలు, ఇది అర్థమైపోతుంది. ఈ లెక్కను లక్షల బిందువులకు ఒకేసారి చేయడానికే మ్యాట్రిసెస్, అంటే అడ్డ, నిలువు వరుసల్లో పేర్చిన సంఖ్యల పట్టికలు, కావాలి. వస్తువును తిప్పడం కూడా అంతే. మీ అమ్మాయి ఇప్పుడు కాంప్లెక్స్ నంబర్లు చదువుతోంది కదా, వాటిని గుణిస్తే 2డిలో తిప్పినట్టు. 3డిలో తిప్పడానికి పనికొచ్చేవి క్వాటర్నియన్లు. ఒక్కోదానిలో నాలుగు సంఖ్యలుంటాయి, ఐర్లండ్ గణిత శాస్త్రవేత్త హామిల్టన్ 1843లో కనిపెట్టారు. ఇప్పటి గేమ్ ఇంజిన్లు వాడేవి అవే.

ఇంకో మాట. ఫిజిక్స్ మొదటి పాఠాల్లో వచ్చే డైమెన్షన్స్, అంటే పొడవు, కాలం, ద్రవ్యరాశి, అవి వేరే అర్థంలో డైమెన్షన్స్. వాటిని మార్కుల కోసం చదివి వదిలేసే పిల్లలంటే నాకు బాధ. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. బొమ్మను ‘ఫ్రేమ్‌కు 5 సెంటీమీటర్లు’ జరపమని కోడ్ రాస్తే, సెకనుకు 30 ఫ్రేములు వచ్చే ఫోన్‌లో అది ఒక్క సెకనులో 150 సెంటీమీటర్లు వెళ్తుంది, 60 వచ్చే ఫోన్‌లో 300. వేగాన్ని సెకన్ల లెక్కలో రాసి, ఫ్రేమ్‌కు పట్టిన కాలంతో గుణించాలి. యూనిట్లు సరిచూసుకునే అలవాటున్న పిల్ల ఈ తప్పును ఇట్టే పట్టేస్తుంది.

ముందు తనకు బొమ్మలు చేయడం ఇష్టమా, కోడ్ రాయడం ఇష్టమా కనుక్కోండి. బొమ్మలైతే బ్లెండర్ అనే 3డి బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టమనండి. కోడ్ అయితే వెక్టర్లు, మ్యాట్రిసెస్ గట్టిగా చదివి, బీటెక్ కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లడం మంచిది. బీఎస్సీ మ్యాథ్స్, కంప్యూటర్స్ అయినా పర్వాలేదు. పరీక్షలయ్యాక సెలవుల్లో గోడో అనే ఉచిత గేమ్ ఇంజిన్‌లో క్యారమ్స్ గేమ్ ఒకటి చేయమనండి. అందులో ఉన్న ఫిజిక్స్‌ను వాడకుండా, స్ట్రైకర్ అంచుకు తగిలి ఎటు వెనక్కి వస్తుందో తనే లెక్క కట్టి రాయాలి. అది నడిచాక మళ్లీ రాయండి, కోర్సు సంగతి అప్పుడు చూద్దాం.