పాస్టరు గారి ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకునే పూట

సిస్టర్ గారూ, మీ ఆయన ఇండిపెండెంట్ సంఘ (ఏ పెద్ద చర్చి సంస్థకూ చెందని సంఘం) కాపరి, మనిషి మంచివారే, కానీ పెళ్లయిన మూడేళ్లలో ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్న పూట లేదని రాశారు. అత్తగారితో అంటే "సేవకుడి భార్యవి, సర్దుకోవాలమ్మా" అన్నారట. ఇది నా విశ్వాసంలో లోపమా అని అడిగారు. కానే కాదు. మొదటి తిమోతి 3వ అధ్యాయంలో అధ్యక్షుడికి, అంటే సంఘాన్ని నడిపించేవాడికి, ఉండాల్సిన అర్హతల్లో సొంత ఇంటిని చక్కగా చూసుకోవడం కూడా ఉంది. ఆ భాగం మీ ఆయనకు మీకంటే బాగా తెలుసు.

ముందు వారం లెక్క చూడండి. ఆదివారం ఆరాధన, బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో గృహ దర్శనాలు, ఆస్పత్రి పిలుపులు. డిసెంబరంతా పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లే. ఖాళీ దానంతట అది దొరకదు, అడిగి తీసుకోవాలి. సోమవారం నయం. అయితే మీరిద్దరే అనుకుంటే నిలవదు. సంఘ పెద్దలతో మాట్లాడి, ఆదివారం ప్రకటనల్లో ఆయన నోటితోనే చెప్పించండి: సోమవారం సాయంత్రం ఆరు దాకా ఫలానా పెద్దగారికి ఫోన్ చేయండి, చావు, ఆస్పత్రి అయితేనే నాకు చేయండి అని. ఆ పెద్దగారి నంబరు చెప్పకపోతే ఫోన్లన్నీ మళ్లీ ఆయనకే వస్తాయి. మూడో వారమో నాలుగో వారమో ఎవరో గృహప్రవేశ ప్రార్థనకు పిలుస్తారు, ఆయన మొహమాటపడతారు. ఒక్కసారి వెళ్లారంటే ఇక ఆ సోమవారం పోయినట్టే. "మంగళవారం వస్తానండి" అనే మాట ముందే అలవాటు చేసుకోవాలి.

మీరు చివర్లో రాసిన గాజుల సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. మీరు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబంలో పెరిగారు, తాళి, గాజులు మీకు మామూలే. ఈ సంఘంలో తెల్లచీర, బోసి మెడ. తమ్ముడి పెళ్లిలో రెండు గాజులు వేసుకుంటే ఫోటో వాట్సాప్‌లో తిరిగింది, పెద్దలు ఆయన్ని అడిగారు, ఆయన ఆ కోపం ఇంటికి తెచ్చారు. ఇలాంటి ఇళ్లలో భార్యకు గుచ్చుకునేది పెద్దల ముందు భర్త నోరు మెదపకపోవడం. వచ్చే శుభకార్యానికి వారం ముందే అడగండి: "ఇది మీరు నమ్మే మాటా, సంఘానికి భయపడే మాటా?" నమ్మేదైతే వాక్యం తీసి మీకు వివరించాలి, మీ అభిప్రాయమూ వినాలి. భయమైతే పెద్దలకు జవాబు చెప్పాల్సింది ఆయనే, మీరు కాదు.

వంట విషయం. సువార్త సభలు మూడు రోజులు పెడితే ప్రసంగించడానికి వచ్చే దైవజనులకు భోజనాలు పాస్టరమ్మగారి మీదే పడతాయి. సభల ఖర్చు రాసేటప్పుడే షామియానా, మైకుసెట్టు కింద వంటమనిషి కూలి కూడా రాయించండి. తర్వాత అడిగితే సణుగుడు అంటారు.

కానుకల డబ్బు ఇంటి బీరువాలో పెట్టకండి. ఇద్దరు పెద్దలు లెక్కపెట్టి పుస్తకంలో సంతకం చేసి, సంఘం పేరున ఉన్న ఖాతాలో వేయాలి. ఇంటికి నెలకు ఇంతని విడిగా ఖాయం చేసుకోండి. క్రిస్మస్‌కు కానుకలు బాగా వస్తాయి, జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఖాయం చేసుకోని ఇంట్లో ప్రతి జూన్‌లోనూ గొడవే.

మీ బాధను సంఘంలో ఎవరికీ చెప్పకండి. "అక్కా, మా కోసం ప్రార్థన చేయండి" అని ఒకరి చెవిలో వేసిన మాట శుక్రవారానికి ప్రార్థన అంశమై కూర్చుంటుంది. వేరే ఊళ్లో, వేరే సంఘంలో ఉన్న పెద్ద వయసు పాస్టరమ్మ గారొకరిని చూసుకోండి. మీ ఆయన కూడా ఇంటి మాటను ప్రసంగంలో ఉదాహరణగా వాడకూడదు. పేరు చెప్పకపోయినా అందరి కళ్లూ మీ వైపే తిరుగుతాయి.

మీరు రాయలేదు గానీ, చెయ్యి చేసుకోవడం ఉంటే మాత్రం పైన చెప్పిందేదీ వర్తించదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. 2005 గృహహింస చట్టం పాస్టరు గారి ఇంటికీ వర్తిస్తుంది.

ఈ మాటలన్నీ ఒకే రోజు ఎత్తకండి. మొదట సోమవారం సంగతి తేల్చుకోండి, అదీ ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజుల కూటాలు మొదలవక ముందే. అవి మొదలయ్యాక ఆయన మీ ఎదుట కూర్చున్నా రేపటి ప్రసంగంలోనే ఉంటారు.