టెక్ సందేహాలు: తూటా పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

సందేహం: డల్లాస్ దగ్గర ఉంటున్నాను. క్లే షూటింగ్ (గాల్లోకి విసిరిన మట్టి పళ్లేలని కాల్చే ఆట) నేర్చుకుందామని పాత 12 గేజ్ (గొట్టం లావు కొలత) షాట్‌గన్ కొన్నాను. బ్యారెల్ (గొట్టం) మీద 2¾ అంగుళాలు అని ఉంది. షాపులో 3 అంగుళాల తూటాలు చవగ్గా దొరికాయి. ఒకటి పెట్టి చూస్తే చక్కగా పట్టింది, గన్ కూడా మూసుకుంది. కాల్చొచ్చా?

జవాబు: వద్దు. ఫోన్ చార్జర్ విషయంలో నేను తప్పు చెబితే మహా అయితే మీ బ్యాటరీ పోతుంది. ఇక్కడ పోయేవి వేళ్లు, కళ్లు. అందుకే జవాబు ముందు, కారణం తర్వాత.

తూటా మీద రాసేది పేల్చాక మూతి పూర్తిగా విచ్చుకున్నప్పటి పొడవు. పేల్చకముందు మూతి లోపలికి మడిచి ఉంటుంది కాబట్టి, 3 అంగుళాల తూటా నిజానికి అంతకంటే పొట్టి. మీ గన్‌లో హాయిగా కూర్చోవడానికి కారణం అదే. పేలినప్పుడు ఆ మూతి విచ్చుకోవడానికి చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే భాగం, మీ బ్యారెల్ మీది 2¾ దాని పొడవే) చోటు చాలదు. గొట్టం సన్నబడే చోటుకి పొడుచుకొస్తుంది. తూటాలోని చిన్న గుండ్లన్నీ ఆ ఇరుకులోంచే దూరాలి, దాంతో ఒత్తిడి పెరిగిపోతుంది. మొదటిసారి ఏమీ కాకపోవచ్చు. ఆ ధైర్యంతోనే రెండోది పెడతారు, అదీ అసలు టెన్షన్. తిరగేస్తే మాత్రం ఇబ్బంది లేదు: 3 అంగుళాల చాంబర్‌లో 2¾ తూటా కాల్చొచ్చు.

అమ్మినాయన మాట మీద, పెట్టె రంగు మీద ఆధారపడకండి. బ్యారెల్ మీద ఉన్న గేజ్, పొడవు, తూటా మీద ఉన్న గేజ్, పొడవు, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చదవండి. ముద్ర అరిగిపోయినా, గన్ మరీ పాతదైనా గన్‌స్మిత్‌తో (తుపాకులు బాగుచేసేవాళ్లతో) కొలిపించండి. యూరప్ పాత తుపాకుల్లో 2½ అంగుళాల చాంబర్లు మామూలే.

ఇంట్లో 20 గేజ్ కూడా ఉంటే ఇంకో జాగ్రత్త. గేజ్ అంకె పెరిగితే గొట్టం సన్నం. 12 గేజ్ గొట్టంలో 20 గేజ్ తూటా వేస్తే లోపలికి జారి గొట్టానికి అడ్డుగా ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగానే ఉన్నట్టుంటుంది. పేలలేదేమిటా అని 12 గేజ్ తూటా పెట్టి నొక్కితే గొట్టం చీలిపోతుంది. అమెరికాలో 20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఉండడానికి కారణం ఇదే. జేబులో రెండు రకాలూ కలపకండి.

సందేహం: అదే గన్‌కి ఫుల్ చోక్ ఉంది. రేంజ్‌లో స్టీల్ గుండ్లే వాడాలంటున్నారు. ఫర్వాలేదా?

జవాబు: చోక్ అంటే గొట్టం చివరి నొక్కు. ఫుల్ చోక్‌లో ఆ నొక్కు అంగుళంలో వెయ్యికి 35 వంతుల దాకా ఉంటుంది. సీసం మెత్తన, నలుగుతూ దూరిపోతుంది. స్టీల్ నలగదు, ఆ బలమంతా గొట్టం మీద పడుతుంది. అమెరికాలో నీటిపక్షుల వేటకి 1991 నుంచి దేశమంతటా సీసం నిషేధం. అంతకుముందు తయారైన చాలా గన్‌లు స్టీల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మీది స్టీల్‌కి పనికొస్తుందని తయారీదారు చెప్పకపోతే వాడకండి. పనికొచ్చే గన్‌లో కూడా మాడిఫైడ్ (ఫుల్ కంటే తక్కువ నొక్కు) లేదా ఇంకా వదులు చోక్ మంచిది. స్టీల్‌కి మాడిఫైడ్ దాదాపు సీసానికి ఫుల్‌లా పనిచేస్తుంది.

మార్చుకునే చోక్ అయితే మర పట్టింది కదా అని ఏదో ఒకటి బిగించొద్దు. బ్రౌనింగ్ కంపెనీలోనే ఇన్వెక్టర్, ఇన్వెక్టర్ ప్లస్ అనే రెండు రకాల చోక్‌లు ఒకదానికొకటి పనికిరావు. లోపలి అంచు గొట్టంలోకి పొడుచుకొస్తే గుండ్లు దాన్నే కొడతాయి. అసలు చోకే లేకుండా కాల్చినా మరలు పాడవుతాయి.

సందేహం: ఏ చోక్ బాగుందో ఫోన్ యాప్‌తో తేల్చుకోవచ్చా?

జవాబు: రంధ్రాలు లెక్కపెట్టే వరకూ సరే. 40 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి ఒక్కటి కాల్చండి. గుండ్లు ఎక్కువ పడ్డ చోట 30 అంగుళాల వృత్తం గీసి లోపల ఎన్ని ఉన్నాయో చూడండి. తూటాలోని సీసపు గుండ్లలో 70 శాతం పడితే ఫుల్, 60 మాడిఫైడ్, 50 ఇంప్రూవ్డ్ సిలిండర్ (మాడిఫైడ్ కంటే వదులు) అని పాత లెక్క. ఒక్క కాగితంతో తేల్చేయకండి, అదే తూటాతో నాలుగైదు చూడండి. తూటా కంపెనీ మారిస్తే మళ్లీ మొదటి నుంచి.