సొంత ఫైల్ సిస్టమ్ రాస్తున్నారా? ముందు ఐత్వంతో టెస్ట్ చేయండి

"సరదాగా సొంతంగా ఒక ఫైల్ సిస్టమ్ రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, బగ్స్ ఎలా పట్టుకోవాలి?" అని అడిగారు.

ఫైల్ సిస్టమ్ అంటే డిస్క్ మీద ఫైళ్లని, వాటి పేర్లని సర్దిపెట్టే పొర. దాని లోపలుండే ఐనోడ్ అంటే ఏమిటి, సూపర్‌బ్లాక్ అంటే ఏమిటి అనేవి చెప్పను. అవి ఇంజినీరింగ్‌లో బట్టీ పట్టించే ఉంటారు. పరీక్షలో ఐనోడ్ బొమ్మ గీసి, డైరెక్ట్ బ్లాకులు, ఇండైరెక్ట్ బ్లాకులు అని బాణాలు వేసి పాసైనవాళ్లు మన దగ్గర వీధికి పదిమంది ఉంటారు, వాళ్లలో డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే కమాండ్ ఒక్కసారైనా కొట్టి నిజం ఐనోడ్‌ని చూసినవాళ్లు దొరకడమే కష్టం. సరే, ఆ ఏడుపు ఇప్పుడెందుకు.

మొదలుపెట్టడం గురించైతే సూటిగా చెప్తాను: కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) జోలికి వెళ్లకండి. ఫ్యూజ్ వాడండి, కెర్నెల్ బయటే ఫైల్ సిస్టమ్ రాసుకోనిచ్చే లినక్స్ సదుపాయం అది. 2005లో లినక్స్ 2.6.14తో వచ్చింది, ఇన్నేళ్లలో బాగా నలిగింది. మీ కోడ్ మామూలు ప్రోగ్రామ్‌లాగే నడుస్తుంది, క్రాష్ అయితే ఆ మౌంట్ (మీరు తగిలించిన ఫైల్ సిస్టమ్) ఒక్కటే పోతుంది, మిషన్ పోదు. బగ్స్ వెతికే జీడీబీ తగిలించుకోవచ్చు, సిగ్గుపడకుండా ప్రింట్‌ఎఫ్‌లు కుమ్మరించుకోవచ్చు. డిస్క్ మీద లేఔట్ కూడా నేనే రాస్తానంటే పెన్‌డ్రైవ్‌లు పాడుచేసుకోవద్దు, పెద్ద ఖాళీ ఫైల్ ఒకటి తయారుచేసి దాన్నే డిస్క్ అనుకోండి.

ఇక బగ్స్. ఎవరిని అడిగినా మొదట చెప్పేది కరెంటు పోతే ఏమవుతుందన్నదే. దానికి తర్వాత వస్తాను. నా లెక్కలో ఫైల్ సిస్టమ్‌కి మొదటి పరీక్ష ఫైళ్ల పేర్లు. అదీ మన తెలుగు పేర్లు. ఎందుకంటున్నానో చెప్పాలంటే తెనాలి వెళ్లాలి.

అక్కడ మా బాబాయ్‌కి ఫొటో స్టూడియో ఉంది. వీడియో ఎడిటింగ్‌కి ఒక పాత మ్యాక్, ఆల్బమ్ డిజైన్‌కి విండోస్ పీసీ, ఈ రెంటికీ మధ్య నెట్‌వర్క్‌లో ఒక స్టోరేజ్ పెట్టె. పెట్టె లోపల ఉండేది లినక్సే, డిస్క్ మీద ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ సిస్టమ్. దాంతోపాటు వచ్చిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి మ్యాక్‌లో ఉన్నవన్నీ లాక్కుని తన దగ్గర పెట్టుకుంటుంది. బాబాయ్ ఫోల్డర్లన్నిటికీ తెలుగులోనే పేర్లు పెడతాడు. కరెక్టే కదా, లక్ష్మి అన్న పేరుని ఇంగ్లిష్‌లో ఒక్కో కుర్రాడు ఒక్కో స్పెల్లింగ్‌తో రాస్తాడు, ఆర్నెల్ల తర్వాత కస్టమర్ వచ్చి అడిగితే ఎవడికీ దొరకదు.

ఒకరోజు ఫోన్ చేశాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఫోల్డర్లు రెండేసి కనపడుతున్నాయిరా. శైలజ పెళ్లి రెండు, వైష్ణవి ఓణీల ఫంక్షన్ రెండు. అసలే చోటు లేదు, ఒక్కోటి తీసేయమని కుర్రాడికి చెప్పనా?"

"దేన్నీ ముట్టుకోవద్దని చెప్పు బాబాయ్, నేనొస్తున్నా" అన్నాను.

అప్పటికే పెట్టె అమ్మిన కంపెనీ వాళ్లకి ఫోన్ చేశారట. వాళ్ల పేరు వద్దులెండి. "డిస్క్ కరప్ట్ అయింది సార్, ఫార్మాట్ చేసి రీసెట్ కొట్టండి" అన్నారట. ఫోల్డర్ పేరేంటని అడగలేదు, లాగ్ పంపమని అడగలేదు, ఫార్మాట్ అట! ఈ సపోర్ట్ వాళ్లకి ఏ రోగానికైనా అదే మాత్ర. కొన్నేళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి ఆ పెట్టెలో.

వెళ్లి చూశాను. ఫైల్ సిస్టమ్ చెక్ చేస్తే శుభ్రంగా ఉంది, ఒక్క లోపం లేదు. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్ లెక్కలూ బాగానే ఉన్నాయి. ఎల్ఎస్ కమాండ్‌తో ఐనోడ్ నంబర్లు (ప్రతి ఫైల్‌కీ, ఫోల్డర్‌కీ ఫైల్ సిస్టమ్ ఇచ్చే సొంత నంబరు) చూస్తే రెండు "శైలజ పెళ్లి"లకీ వేరు వేరు నంబర్లు. అంటే కంటికి కనిపించే భ్రమ కాదు, నిజంగానే రెండు ఫోల్డర్లు. లోపల చూస్తే ఒకదాంట్లో మ్యాక్ నుంచి వచ్చిన వీడియోలు, రెండోదాంట్లో విండోస్ పీసీ నుంచి సేవ్ చేసిన ఆల్బమ్ పేజీలు. కుర్రాడు డూప్లికేటే కదా అని ఒకటి డిలీట్ కొట్టి ఉంటే ఒక పెళ్లి వీడియో మొత్తం గాలికి పోయేది. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అసలు క్లూ ఎక్కడ దొరికిందంటే, రెండైన ఫోల్డర్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయించాను. శైలజ, వైష్ణవి, సైదులు, హైమావతి. రెండు కానివాళ్లు: కల్యాణి, సురేష్, లక్ష్మి, ఐశ్వర్య. చూడగానే వెలిగింది, ఐత్వం ఉన్నవాళ్ల ఫంక్షన్లే రెండయ్యాయి! ఐశ్వర్య బతికిపోయింది, ఎందుకంటే అక్కడున్నది ఐ అనే అచ్చు, హల్లుకి తగిలే గుర్తు కాదు.

పేర్లని ఎక్స్‌ఎక్స్‌డీ అనే కమాండ్‌లోకి పంపి బైట్లు చూస్తే తేలిపోయింది. కంప్యూటర్లన్నీ అక్షరాలకి వాడే యూనికోడ్ పట్టికలో ఐత్వానికి సొంతంగా 0సీ48 అనే కోడ్ ఉంది. అదే గుర్తుని ఎత్వం 0సీ46, దాని కింద వచ్చే ఐ పొడవు గుర్తు 0సీ56, ఈ రెండూ పక్కపక్కన పెట్టి కూడా రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ చెబుతుంది, స్క్రీన్ మీద కూడా తేడా కనపడదు, కానీ బైట్లు వేరు. తెలుగు మొత్తంలో ఇలా రెండుగా విడిపోయేది ఈ ఒక్క గుర్తే. 1998లో వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే మ్యాక్ ఫైల్ సిస్టమ్ పేర్లని విడదీసి దాచుకుంటుంది. మనం 0సీ48 అని ఇస్తే అది రెండు ముక్కలు చేసి రాసుకుంటుంది. లినక్స్‌కి ఆ గొడవే లేదు, ఈఎక్స్‌టీ4 దృష్టిలో పేరంటే ఉత్త బైట్లు, ఏటవాలు గీత, సున్నా బైటు తప్ప ఏదైనా ఓకే. కాబట్టి విండోస్ నుంచి వచ్చిన శైలజ ఒకరు, మ్యాక్ నుంచి వచ్చిన శైలజ ఇంకొకరు. రెండు ఫైల్ సిస్టమ్‌లూ తమ తమ రూల్స్ తప్పలేదు. మధ్యలో ఉన్న ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పేర్లని ఒక రూపంలోకి మార్చి ఉండాల్సింది, మార్చలేదు.

బాగుచేయడం పెద్ద పనేం కాదు. ముందు మొత్తానికీ ఇంకో కాపీ తీసి, జంట ఫోల్డర్లని ఒకదాంట్లోకి చేర్చి, తర్వాత కన్వ్‌ఎమ్‌వీ అనే చిన్న ప్రోగ్రామ్‌తో పేర్లన్నీ కలిపిరాసే రూపంలోకి మార్చాను. అది మొదట ఏమేం మారుస్తుందో చూపిస్తుంది, నిజంగా మార్చమని విడిగా చెబితేనే మారుస్తుంది. ఆ మర్యాద అన్ని టూల్స్‌కీ ఉంటే బాగుండు.

ఇది విన్నవాళ్లలో సగంమంది ఇచ్చే సలహా "పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టుకోవచ్చుగా". నాకు ఒళ్లు మండేది ఇక్కడే. తెనాలిలో తెలుగు కస్టమర్ల పెళ్లి ఫొటోలకి తెలుగు పేరు పెడితే తప్పు బాబాయ్‌దా? ఈ సలహా ఇచ్చేవాళ్లే రేపు ఫైల్ సిస్టమ్ రాస్తారు, ఫూ, బార్ అని రెండు ఫైళ్లు చేసి టెస్ట్ పాస్ అంటారు.

ఇంతకీ ఎవరి పద్ధతి మంచిది? పేరుని ముట్టుకుని మార్చే ఫైల్ సిస్టమ్ చెడ్డదని నా గట్టి అభిప్రాయం. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌ని ఈ విషయంలో బహిరంగంగానే ఉతికేశాడు. అలాగని ఉత్త బైట్లే అని చేతులు దులుపుకోవడమూ తప్పే. ఇచ్చిన పేరు ఇచ్చినట్టే దాచాలి, పోల్చేటప్పుడు మాత్రం రెండు రూపాలూ ఒకటే అనుకోవాలి. 2017లో మ్యాక్‌లోకి వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ చివరికి ఈ దారికే వచ్చింది. లినక్స్‌లో కూడా 2019లో, 5.2 కెర్నెల్‌తో, ఈఎక్స్‌టీ4కి కేస్‌ఫోల్డ్ అని ఒకటి వచ్చింది. పేరుకి అది పెద్దబడి చిన్నబడి ఇంగ్లిష్ అక్షరాల తేడా పోగొట్టడానికే, కానీ పోల్చేముందు యూనికోడ్ రూపాలని కూడా సమానం చేస్తుంది కాబట్టి మన శైలజలు ఒకటైపోతారు. తిరకాసేంటంటే ఆ కేస్‌ఫోల్డ్ సెట్టింగ్ ఖాళీ ఫోల్డర్‌కే పెట్టగలం. ఫొటోలు నిండాక గుర్తొస్తే లాభం లేదు.

ఆ గొడవ తర్వాత నేనూ ఫ్యూజ్‌తో ఒక చిన్నది రాశాను, కింద మామూలు ఫోల్డర్, పైన పేర్లని సమానంగా చూసే పొర. రాస్తే గానీ తెలియని విషయాలు అక్కడ తగిలాయి. ఉదాహరణకి విడిపోయిన శైలజని కలిసిన శైలజగా రీనేమ్ చేస్తే ఏమీ జరగదు, సక్సెస్ అని మాత్రం వస్తుంది! ఎందుకంటే పాతపేరు, కొత్తపేరు రెండూ ఒకే ఫైల్‌కి చెందితే రీనేమ్ ఏమీ చేయకుండా సరే అనాలన్నది పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) రూల్. ఇంకోటి, ఒక పేరుతో ఫైల్ తుడిచేశాక రెండో పేరుతో అడిగితే అది ఇంకా ఉన్నట్టే కనపడేది, కాస్త ఆగి చూస్తే మాయం. కెర్నెల్ ఆ రెండో పేరుని గుర్తుపెట్టుకుని ఉంటుంది, ఫ్యూజ్‌కి వాడే లైబ్రరీ లిబ్‌ఫ్యూజ్‌లో ఆ జ్ఞాపకం మామూలుగా ఒక సెకను. టెస్టుల్లో ఒకసారి ఫెయిల్, ఒకసారి పాస్ అవుతుంటే తల బద్దలైపోతుంది. ఆ గడువుని సున్నా చేసి నడిపి చూడండి, ఫెయిల్ అవడం ఆగిపోతే దొంగ అక్కడే ఉన్నాడు.

పేర్ల పొడవు కూడా చూడండి. ఈఎక్స్‌టీ4లో పేరుకి 255 బైట్లు. తెలుగు కోడ్ ఒక్కోటి యూటీఎఫ్-8లో (యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు, అంటే 85 కోడ్‌లు. 85 అక్షరాలు అనుకునేరు, స్త్రీ అన్న ఒక్క అక్షరానికే 6 కోడ్‌లు, 18 బైట్లు. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ బైట్లు లెక్కపెట్టదు, 255 యూటీఎఫ్-16 యూనిట్లు ఇస్తుంది, అందులో తెలుగు కోడ్ ఒక్కోటి ఒక యూనిట్. అక్కడ హాయిగా ఉన్న పొడుగాటి పేరు ఇక్కడికి కాపీ చేస్తే పేరు ఎక్కువైందని తన్నేస్తుంది. ఫైళ్లని గుప్తంగా దాచే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో పేర్లు కూడా గుప్తంగా దాస్తే ఇంకా ఘోరం, దాదాపు 143 బైట్లకి పడిపోతుంది, అంటే 47 కోడ్‌లు. వధూవరుల పేర్లు, ఊరు, తేదీ రాసేసరికి అయిపోతుంది.

కరెంటు సంగతి చెప్తానన్నాను కదా. 2009లో ఈఎక్స్‌టీ4 కొత్తగా వచ్చినప్పుడు, రాయాల్సిన డేటాకి చోటు కేటాయించడం వాయిదా వేసేది, ఈలోగా మిషన్ పడిపోతే ఉబుంటు 9.04 పరీక్షా వెర్షన్లు వాడినవాళ్లకి సెట్టింగ్స్ ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయి. ప్రోగ్రాములు ఎఫ్‌సింక్ చేయాలి కదా, అంటే డేటాని ఇప్పుడే డిస్క్‌కి రాయమని అడగాలి కదా అని ఈఎక్స్‌టీ4 బాధ్యుడు టెడ్ సో వాదించాడు, సాంకేతికంగా ఆయనదే కరెక్టు, అయినా తాత్కాలిక ఫైల్ రాసి రీనేమ్ చేసే అలవాటుని కాపాడే మార్పులు 2.6.30లో పెట్టక తప్పలేదు. ఎఫ్‌సింక్ చేసినా సుఖం లేదని 2018లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాళ్లకి తెలిసొచ్చింది: మొదటి ఎఫ్‌సింక్ ఫెయిల్ అయితే కెర్నెల్ ఆ పేజీలని రాసేసినట్టే లెక్కేసుకుంటుంది, రెండోసారి అడిగితే ఓకే అంటుంది, డేటా మాత్రం డిస్క్‌లో ఉండదు. అందుకే ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ ఫెయిల్ అవగానే మొత్తం ఆగిపోయి లాగ్ నుంచి తిరిగి లేస్తుంది.

వీటిని పట్టుకోవడానికి భారీ టెస్టులు అక్కర్లేదు. టెక్సస్ యూనివర్సిటీ, ఆస్టిన్ వాళ్లు 2018లో క్రాష్‌మంకీ అనే టూల్‌తో చూపించారు, అప్పటిదాకా బయటపడ్డ క్రాష్ బగ్స్‌లో చాలావాటిని ఖాళీ ఫైల్ సిస్టమ్ మీద మూడు, అంతకంటే తక్కువ పనులతోనే మళ్లీ రప్పించొచ్చని. ఆ లెక్కన చిన్న చిన్న కలయికలన్నీ నడిపి కొత్త బగ్స్ పది పట్టారు. మీరూ క్రియేట్, లింక్, రీనేమ్, ఎఫ్‌సింక్ కలిపి ప్రతి జంటా నడపండి, మధ్యలో ప్రాసెస్‌ని చంపండి, మళ్లీ మౌంట్ చేసి చూడండి. ప్రాసెస్ చంపితే కరెంటు పోయినట్టు కాదు, కెర్నెల్ దగ్గరున్న డేటా డిస్క్‌కి వెళ్లిపోతుంది, కాబట్టి ఆ తర్వాత డిస్క్ రాతల్ని వరసగా నమోదు చేసే డీఎమ్-లాగ్-రైట్స్ పెట్టి డిస్క్‌కి వెళ్లిన రాతల్ని ఎక్కడపడితే అక్కడ ఆపి చూడండి. ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ (లినక్స్ ఫైల్ సిస్టమ్‌లకి వాడే పెద్ద టెస్టుల కట్ట) నడపడం ఇవన్నీ అయ్యాకే, ముందే నడిపితే ఫెయిల్యూర్లు చూసి మానేస్తారు.

రాశాక లింకు ఇక్కడే పెట్టండి, తీరిక చూసుకుని చదువుతాను. టెస్టుల ఫోల్డర్‌లో వైష్ణవి, శైలజ, సైదులు ఉండాలి, రెండు రూపాల్లోనూ. ఫూ, బార్ మాత్రమే ఉంటే కోడ్ తెరవను.